ఎంతసేపు పడుతుంది? స్పానిష్‌లో తర్దార్, యేబార్, దురార్, ఆసే... ఎక్కడ ఏది వాడాలి

స్పానిష్ మొదలుపెట్టిన కొత్తలో ఎక్కడ, ఎంత, ఎప్పుడు లాంటివన్నీ చకచకా వచ్చేస్తాయి. "ఎంతసేపు పడుతుంది" అనాల్సి వచ్చేసరికి మాత్రం నోరు తడబడుతుంది. డిక్షనరీ తెరిస్తే తర్దార్, యేబార్, దురార్, దెమోరార్, తొమార్ అని వరసగా క్రియలు కనిపిస్తాయి, వాటి పక్కన ఆసే ఒకటి, దురాంతే ఒకటి, ఏది ఎక్కడిదో చెప్పేవాళ్ళుండరు. ఇంగ్లీషు మీడియంలో చదివిన మనం "టేక్"కి దగ్గరగా ఉంది కదా అని తొమార్‌ని పట్టుకుని అన్ని చోట్లా దాన్నే తిప్పుతాం. అవతలివాళ్ళకి అర్థమవుతుంది, కానీ మాడ్రిడ్‌లో అయితే వినగానే ఇది ఇంగ్లీషు నుంచి వచ్చిన వాక్యం అని తెలిసిపోతుంది.

నా సలహా ఒక్కటే. ఈ విషయంలో ఇంగ్లీషుని మధ్యలోకి రానివ్వకండి, తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌లోకి వెళ్ళండి. ఊరికే అభిమానం కొద్దీ చెప్పడం లేదు, కాలం చెప్పే తీరులో తెలుగు చాలా చోట్ల స్పానిష్‌కి ఇంగ్లీషు కన్నా దగ్గరగా ఉంటుంది. ఎక్కడెక్కడ దగ్గరో, ఎక్కడ మన తెలుగే మనల్ని తప్పుదారి పట్టిస్తుందో రెండూ చెబుతాను.

ముందు ఉచ్చారణ గురించి ఒక మాట. స్పానిష్ మాటల్ని వినిపించేట్టుగా తెలుగులో రాస్తున్నాను. యేబార్ అనే క్రియ స్పెల్లింగ్‌లో రెండు ఎల్‌లతో మొదలవుతుంది, మధ్యలో ఉండేది వి, పలికేది మాత్రం మెత్తటి బ. ఆసే ముందు హెచ్ ఉంటుంది, పలకరు. లాటిన్ అమెరికాలో ఆసే అన్నదాన్నే స్పెయిన్‌లో ఎక్కువమంది ఆథే అంటారు. ఇక ఊనిక ఎక్కడ పడుతుందన్నది ప్రాణం లాంటిది. యేబో అని ముందు ఊనితే "నేను" అనే వర్తమానం, యెబో అని చివర ఊనితే "అతను/అది" అనే భూతకాలం. తార్దో, తర్దో కూడా అంతే. రాతలో చివరి ఓ మీద చిన్న గీత ఒక్కటే తేడా.

ఒక పని పూర్తవడానికి పట్టే సమయం అయితే మొదటి ఎంపిక తర్దార్. "తార్దో బెయింతే మినూతొస్ ఎన్ యెగార్" అంటే నేను చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇక్కడే తెలుగువాళ్ళు జారిపడతారు. మనకి సమయం ఎప్పుడూ "నాకు" పడుతుంది, "నేను" పడను. అందుకని నాకు అనే అర్థంలో మే పెట్టి "మే తార్దా బెయింతే మినూతొస్" అనేస్తారు. అది తప్పు. తర్దార్‌లో కర్త మనిషే, లేదా బస్సు, అన్నం, ఉత్తరం. నేను తార్దో, నువ్వు తార్దాస్, బస్సు తార్దా. ఆ తర్వాత పని పేరు చెప్పాలంటే ముందు "ఎన్" తప్పనిసరి: ఎన్ యెగార్ (చేరడానికి), ఎన్ కొమేర్ (తినడానికి), ఎన్ తెర్మినార్ (ముగించడానికి). ఆ ఎన్ మింగేస్తే వాక్యం కుంటుతుంది, దాని బదులు కోసం అనే అర్థమున్న "పారా" పెట్టినా కుదరదు.

మనిషి ఎవరని కాకుండా మామూలుగా ఎవరికైనా ఎంత పడుతుందని అడగాలంటే "క్వాంతో సే తార్దా?" అనండి. మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి హైస్పీడ్ రైల్లో ఎంతసేపు అంటే "సే తార్దా ఊనాస్ దోస్ ఓరాస్ ఇ మేదియా", ఓ రెండున్నర గంటలు. ఆ ఊనాస్ చూశారా? మనం "ఓ రెండు గంటలు" అన్నప్పుడు ఆ "ఓ" ఏం చేస్తుందో అదే చేస్తుంది. ఒకటి అనే మాటే, ఇక్కడ సుమారుగా అనే అర్థం ఇస్తుంది. దీన్ని వాడటం మొదలుపెడితే మీ స్పానిష్ ఒక్కసారిగా సహజంగా వినిపిస్తుంది.

ఫోన్‌లో తర్దార్ ఇంకో రకంగా పనికొస్తుంది. స్నేహితురాలు మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి ఫోన్ చేసి "క్వాంతో తార్దాస్?" అంటుంది. మొత్తం ప్రయాణం ఎంతసేపని కాదు ఆమె అడిగేది, ఇంకెంతసేపట్లో వస్తావని. "తార్దో దియేస్ మినూతొస్" అంటే పది నిమిషాల్లో అక్కడుంటా అని. ఫోన్ పెట్టేసే ముందు "నో తార్దెస్" అంటే ఆలస్యం చెయ్యకు, తొందరగా రా అని. మిగిలిన సమయాన్నే అడగాలనుకుంటే "తే ఫాల్తా ముచో?" అని కూడా అంటారు, ఇంకా చాలాసేపు పడుతుందా అని.

"నాకు పడుతుంది" అనే మన అలవాటుని వదులుకోలేని వాళ్ళకి స్పానిష్‌లో అచ్చంగా అలాంటిదే ఒకటుంది: యేబార్. "మే యేబా దోస్ ఓరాస్ ప్రెపరార్ లా కొమీదా", వంట చెయ్యడానికి నాకు రెండు గంటలు పడుతుంది. మే అంటే నాకు, తే అంటే నీకు, లే అంటే అతనికి లేదా ఆమెకి. పని పేరు ముందు ఎన్ ఉండదు, ఎందుకంటే ఇక్కడ కర్త ఆ పనే. జరిగిపోయినదైతే "మే యెబో త్రెస్ దియాస్", మూడు రోజులు పట్టింది. తొమార్ కూడా సరిగ్గా ఈ అచ్చులోనే కూర్చుంటుంది: "మే తోమా దోస్ ఓరాస్". లాటిన్ అమెరికాలో ఇది చాలా మామూలు మాట, స్పెయిన్‌లో మాత్రం మే యేబా అనడమే మేలు. కొస్తార్ కూడా ఇదే కుటుంబం, కాకపోతే అందులో కష్టం కలిసి ఉంటుంది. "మే కొస్తో దోస్ ఆన్యోస్ అప్రెందేర్" అంటే రెండేళ్ళు పట్టడమే కాదు, కిందామీదా పడి నేర్చుకున్నానని.

మరి తర్దార్, మే యేబా రెండిట్లో ఏది? ప్రయాణం, రావడం, పోవడం, స్పందించడం, అంటే ఏదో ఒక క్షణంలో "అయింది" అనిపించే వాటికి తర్దార్. కూర్చుని చేసే పని, ప్రాజెక్టు, వంట, అనువాదం లాంటివైతే మే యేబా హాయిగా నప్పుతుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడితే కొంపలేం మునగవు, కానీ ఒకటే నేర్చుకునే ఓపిక ఉంటే తర్దార్ నేర్చుకోండి, అది వినపడని స్పానిష్ దేశం లేదు.

దురార్ సంగతి తొందరగా తేలిపోతుంది. ఒక ఘటన దానంతటది ఎంతసేపు సాగుతుందో చెప్పడానికి అది. సినిమా, క్లాసు, యుద్ధం, బ్యాటరీ, జ్వరం. "లా పెలీకులా దూరా త్రెస్ ఓరాస్", సినిమా మూడు గంటలుంటుంది. ఇక్కడ తార్దా అంటే తప్పు. ప్రయాణంలో మాత్రం రెండూ పక్కపక్కనే వస్తాయి: రైలు తార్దా, ప్రయాణం దూరా. చరిత్రలోంచి రెండు వాక్యాలు గుర్తుపెట్టుకుంటే ఈ తేడా మరచిపోరు. కొలంబస్ 1492 ఆగస్టు 3న పాలోస్ రేవు నుంచి బయలుదేరాడు, మధ్యలో కెనరీ దీవుల్లో ఆగి, అక్టోబరు 12న అవతలి నేల మీద దిగాడు. "కొలోన్ తర్దో సెతెంతా దియాస్ ఎన్ యెగార్", చేరడానికి డెబ్బై రోజులు పట్టింది, కర్త మనిషి. 1519లో మాగెల్లాన్ మొదలుపెట్టి, ఆయన దారిలో చనిపోతే ఎల్కానో 1522లో ముగించిన భూప్రదక్షిణ అయితే "ఎల్ బియాహే దురో కాసీ త్రెస్ ఆన్యోస్", దాదాపు మూడేళ్ళు సాగింది, కర్త ప్రయాణం.

ఇంతవరకూ పూర్తయ్యే పనుల గురించి. అసలు గందరగోళం ఇంకా నడుస్తున్న వాటి దగ్గరుంది, తెలుగు మనకి పెద్ద దిక్కయ్యేదీ అక్కడే.

"రెండు గంటలుగా ఎదురుచూస్తున్నాను." ఇందులో క్రియ వర్తమానంలోనే ఉంది. స్పానిష్‌లో కూడా వర్తమానమే: "యేబో దోస్ ఓరాస్ ఎస్పెరాందో". ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు "హ్యావ్ బీన్" కోసం వెతుక్కుని ఏ ఎస్తాదో అంటూ పొడుగు వాక్యం కడతారు, మనకి ఆ తిప్పలే అక్కర్లేదు. యేబార్‌ని మనిషికి తగ్గట్టు మార్చండి, సమయం చెప్పండి, ఆ తర్వాత ఆందో లేదా యెందో తోక ఉన్న క్రియ పెట్టండి. యేబో, యేబాస్, యేబా, యెబామోస్, యేబాన్. ఉండటం గురించే అయితే క్రియ కూడా అక్కర్లేదు: "క్వాంతో త్యెంపో యేబాస్ అకీ?", ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు? బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చి కట్టడం 1882లో మొదలైంది, అక్కడివాళ్ళు దాని గురించి చెప్పాలంటే ఇదే వాడతారు: "యేబాన్ మాస్ దే ఉన్ సిగ్లో కొన్‌స్త్రుయెందోలా", వందేళ్ళకి పైగా కడుతూనే ఉన్నారని. సిగ్లో అంటే శతాబ్దం.

ఈ యేబార్, పైన చెప్పిన మే యేబా ఒకటే క్రియ, పనులు వేరు. ముందు మే, తే, లే ఉంటే పట్టే సమయం. అవి లేకుండా మనిషే కర్త అయితే నడుస్తున్న సమయం. హోటల్లో వంటకం చూపించి "కే యేబా?" అంటే ఇందులో ఏమేం వేశారని, దానికీ సమయానికీ సంబంధం లేదు, కంగారు పడకండి.

ఈ నిర్మాణానికి ఒక కట్టుబాటు ఉంది. యేబో అని ఇప్పటికి, యెబాబా అని అప్పటికి నడుస్తున్నదానికి వాడతారు. ముగిసిపోయిన ఎదురుచూపుకి దీన్ని వాడకూడదు. డాక్టర్ దగ్గర నిన్న రెండు గంటలు కూర్చున్నారు, అయిపోయింది, ఇంటికొచ్చేశారు, అప్పుడు "ఎస్తూబే దోస్ ఓరాస్ ఎస్పెరాందో". డాక్టర్ గది బయట ఇంకా కూర్చునే ఉండి ఫోన్‌లో మాట్లాడుతుంటే "యేబో దోస్ ఓరాస్ ఎస్పెరాందో". అవతలివాళ్ళు ఆ ఒక్క మాటతో మీరింకా అక్కడే ఉన్నారో లేదో తెలుసుకుంటారు.

ఇదే అర్థానికి రెండో దారి ఆసే. "ఆసే దోస్ ఆన్యోస్ కే బీబో అకీ", నేను ఇక్కడుంటూ రెండేళ్ళయింది. ముందు రెండేళ్ళయిందని చెప్పి తర్వాత మిగతాది కలిపినట్టు. వాక్యాన్ని తిప్పి చెప్పాలంటే "బీబో అకీ దెస్దే ఆసే దోస్ ఆన్యోస్", ఇక్కడ రెండేళ్ళ నుంచి ఉంటున్నాను. ఎన్ని ఏళ్ళయినా ఆసే ఏకవచనంలోనే ఉంటుంది, ఆసెన్ అని కొందరు అనడం వినపడుతుంది గానీ ప్రామాణికం కాదు. క్రియ భూతకాలంలోకి వెళ్తే అర్థం కూడా మారిపోతుంది: "యెగే ఆసే దోస్ ఆన్యోస్" అంటే రెండేళ్ళ క్రితం వచ్చాను, తెలంగాణ మాటలో రెండేండ్ల కింద వచ్చిన.

ఇప్పుడు తెలుగు పెట్టే మెలికలు రెండు. మొదటిది "నుంచి". 2022 నుంచి, రెండేళ్ళ నుంచి, రెండింటికీ మనకి ఒకటే. స్పానిష్‌లో కాదు. మొదలైన బిందువు చెబితే దెస్దే ఒక్కటే చాలు: దెస్దే 2022, దెస్దే ఎల్ లూనెస్ (సోమవారం నుంచి). గడిచిన కాలం చెబితే దెస్దే ఆసే రెండూ కావాలి. "దెస్దే దోస్ ఆన్యోస్" అనే మాట తెలుగువాళ్ళ స్పానిష్‌లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే తప్పు, బాగా మాట్లాడేవాళ్ళ నోట కూడా వస్తుంది.

రెండో మెలిక ఇంకా లోతైంది. చాలా రోజులకి కనబడ్డ మనిషితో "నిన్ను చూసి ఎన్నాళ్ళయింది!" అంటాం. అందులో కాదు, లేదు అనే మాటే లేదు. స్పానిష్‌లో తప్పకుండా ఉండాలి. "ఆసే ముచో కే నో తే బేయో", నిన్ను చూడక చాలాకాలమైంది. లేదా ఎదురుపడగానే అందరూ అనే "క్వాంతో త్యెంపో సిన్ బెర్తే!", సిన్ అంటే లేకుండా. మాంసం తిని రెండేళ్ళయింది అనాలంటే "యేబో దోస్ ఆన్యోస్ సిన్ కొమేర్ కార్నే". నిద్రపోయి రెండు రోజులైంది, "యేబో దోస్ దియాస్ సిన్ దొర్మీర్". మనం "తిని" అన్నచోట వాళ్ళు "తినకుండా" అంటారని మనసులో పెట్టుకోండి. ఇది మరచిపోయి నో, సిన్ వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది, రెండేళ్ళుగా మాంసం తింటున్నారని వింటారు.

యేబోనా, ఆసేనా? మాట్లాడేటప్పుడు యేబో పొట్టిగా, చురుగ్గా ఉంటుంది, అందుకే నా ఓటు దానికే. రాసేటప్పుడు, ఈమెయిల్లో, దరఖాస్తులో దెస్దే ఆసే నిండుగా ఉంటుంది. ఇష్టం, నమ్మకం, తెలియడం లాంటి వాటికి ఆందో, యెందో తోక సరిగా అతకదు కాబట్టి అక్కడ ఆసే వైపే వెళ్ళండి: "లా కొనోస్కో దెస్దే ఆసే ఆన్యోస్", ఆమె నాకు ఏళ్ళ తరబడి తెలుసు.

ముగిసిపోయిన కాలంలో ఏ భూతకాలం వాడాలన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఇందులో తెలుగు చెవిని నమ్మండి. "మూడేళ్ళు (స్పెయిన్‌లోని) సెవియాలో ఉన్నాను" అంటాం, "అప్పట్లో సెవియాలో ఉండేవాణ్ణి" అంటాం. మొదటిది బిబీ, రెండోది బిబియా. సమయానికి అంచులు కట్టి చెప్పారంటే, మూడేళ్ళు, పది రోజులు, ఒక వేసవంతా, అప్పుడు బిబీ (ఉన్నాను), త్రబహే (పనిచేశాను), ఎస్తుదియే (చదివాను) లాంటి ముగింపు రూపమే. "బిబియా త్రెస్ ఆన్యోస్" అంటే వినేవాళ్ళకి తర్వాత ఏమైందో చెప్పకుండా మధ్యలో ఆపేసినట్టుంటుంది. అలవాటు చెబితే మాత్రం వేరు: రోజూ రెండు గంటలు చదివేదాన్ని అంటే "ఎస్తుదియాబా దోస్ ఓరాస్ తోదొస్ లొస్ దియాస్" సరైనదే, మనకి చదివేదాన్ని ఎంత సహజమో అంత సహజం. సమయం ముందు "పాటు" అనే అర్థంలో దురాంతే పెట్టొచ్చు, మానేయొచ్చు, అదే అర్థంలో పొర్ కూడా లాటిన్ అమెరికా వైపు బాగానే నడుస్తుంది, వీటి గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. పారా మాత్రం పెట్టకండి.

"లో" గురించి కూడా చెప్పాలి. "రెండు గంటల్లో చేస్తాను" అంటే రెండు గంటల పని అనా, రెండు గంటలాగి మొదలుపెడతాననా? తెలుగులో సందర్భాన్ని బట్టి తేల్చుకుంటాం. స్పానిష్‌లో ఎన్ దోస్ ఓరాస్ కూడా రెండు రకాలుగానూ వినపడుతుంది. ఆఫీసులో గడువు చెబుతున్నప్పుడు అనుమానం మిగలకూడదంటే, ఇప్పటి నుంచి రెండు గంటల తర్వాత అనడానికి "దెంత్రో దే దోస్ ఓరాస్" అనండి, పని నిడివికి తర్దార్ వాడండి.

దేశం సంగతి చివరికి తోసేశాను గానీ నిజానికి మీరు ఏది ముందు నేర్చుకోవాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు హైస్కూల్లో స్పానిష్ తీసుకుంటే పుస్తకంలో యేబో, ఆసే కనిపిస్తాయి, టెక్సస్‌లో బయటికి వెళ్తే మెక్సికో మాట వినపడుతుంది: "తెంగో దోస్ ఆన్యోస్ త్రబహాందో అకీ", రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను. యేబో స్థానంలో తెంగో, అర్థం అదే. మధ్య అమెరికాలో, కరీబియన్‌లో కూడా అలా అంటారు. పరీక్షలో మీరు యేబో రాయండి, దుకాణంలో తెంగో వింటే తప్పనుకోకండి. మెక్సికోవాళ్ళు తర్దార్‌కి కూడా మే కలిపి "మే తార్దో", "నో తే తార్దెస్" అంటారు, అది సరైనదే, ఎందుకంటే అక్కడ క్రియ తార్దో, అంటే కర్త నేనే. నేను పైన తప్పన్నది మే తార్దా. కొలంబియా, పెరు, చిలీ వైపు వెళ్తే తర్దార్ కన్నా దెమోరార్ ఎక్కువ వినపడుతుంది: "మే దెమోరో ఊనా ఓరా ఎన్ యెగార్". ఇదే మాట స్పెయిన్‌లో ఆలస్యాన్ని సూచించే ప్రకటనల్లో, కాస్త గంభీరంగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చదువుతున్నా, ఢిల్లీలోని సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే దెలె అనే స్పానిష్ సర్టిఫికెట్ పరీక్షకి సొంతంగా తయారవుతున్నా తర్దార్, యేబార్, దెస్దే ఆసే ఈ మూడింటి మీద నిలబడండి, అవి అన్ని దేశాల్లోనూ అర్థమవుతాయి.

ఇంకా తడుముకుంటుంటే ఒక దగ్గరదారి ఉంది. అవతలివాళ్ళు ఏ క్రియతో అడిగితే దానితోనే జవాబివ్వండి. "క్వాంతో తార్దాస్?" అంటే తార్దో. "క్వాంతో తే యేబా?" అంటే మే యేబా. "క్వాంతో త్యెంపో తియేనెస్ అకీ?" అంటే తెంగో. కొలంబియా రాజధాని బొగోతాలో ట్యాక్సీ డ్రైవరు "నొస్ దెమొరామోస్ మేదియా ఓరా" అంటే అరగంట పడుతుందని అర్థం, మీ పుస్తకంలో లేదని తర్దార్‌తో సరిదిద్దకండి, తిరిగి అడగాల్సొస్తే మీరూ దెమోరార్‌తోనే అడగండి.